నాలుగో రాడ్డు

"తప్పు నాదేనని రాసుకోండి బాబూ. మా అప్పని మాత్రం ఠాణాకి పిలవొద్దని సెప్పండి."

లాకప్పు ఊచల వెనక గొంతుక్కూర్చున్న చిన్నారావు మళ్ళీ అదే మాట అన్నాడు. డిటెక్టివ్ సూరిబాబుకు ఒళ్ళు మండింది.

"నేను పోలీసుని కాదు చిన్నారావ్, రాసుకోవడానికి. మీ అప్ప పంపితే వచ్చాను. నిజం చెబితే బయటికి తెస్తాను. లేదంటే నీ ఖర్మ."

చిన్నారావు తల దించుకున్నాడు.

కేసు వినడానికి చాలా చిన్నది. హిందీ మాట్లాడే ఆ ఊళ్ళో లాల్ సాహెబ్ అని అందరూ పిలిచే జమీందారు బిడ్డకి ఇంగ్లండు నుంచి తెప్పించిన రెండు సీట్ల రేసుకారు ఉంది. జమీందారీలు పోయినా ఆయనకి కారు పిచ్చి పోలేదు. కలకత్తా పందేనికి ముందు ఆ కారు ఇంజను విప్పి, బాగుచేసి బిగించినవాడు మెకానిక్ చిన్నారావు. మర్నాడు పొద్దున్నే ఊరి బయట మోవా దాటి సిల్తారా వైపు పోతుండగా ఇంజను పగిలి కారు బోల్తా కొట్టింది. పక్కన కూర్చున్న లాల్ సాహెబ్ చెయ్యి విరిగి బతికాడు. తోలుతున్న ఆయన డ్రైవరు దానయ్య అక్కడికక్కడే పోయాడు.

దానయ్య చిన్నారావుకి స్వయానా బావ. అప్ప, అంటే అక్క అన్నమ్మకి మొగుడు. మొగుణ్ణి తమ్ముడే చంపాడని పోలీసులంటే, కాదని నిరూపించమంటూ ఆ అప్పే సూరిబాబు గుమ్మం తొక్కింది. సూరిబాబు కాదనలేకపోయాడు. రైల్వే పోలీసులో పనిచేసిన రోజుల్లో దానయ్యతో కలిసి ఫుట్‌బాల్ ఆడినవాడు. "కుర్రాడు బంగారం, కళ్ళు మూసుకుని ఇచ్చెయ్" అని అన్నమ్మ తల్లితో చెప్పి ఆ సంబంధం కుదిర్చింది తనే.

"సరే, ఇంజను సంగతే చెప్పు" అన్నాడు సూరిబాబు. "బండి శుభ్రంగా నడుస్తోంది కదా. ఎందుకు విప్పావు?"

పని మాట ఎత్తేసరికి చిన్నారావు ముఖంలోకి ప్రాణం వచ్చింది.

"నడుస్తున్నప్పుడే విప్పాల బాబూ. అది పందెం బండి. కనెక్టింగ్ రాడ్డు కింద కొస క్రాంకుని పట్టుకుని తిరుగుతాది కదా, ఆ రెండిటికీ మద్దెన బేరింగు సిప్పలుంటాయి. అవి అరిగి టపటపా సప్పుడొచ్చేదాకా ఆగితే క్రాంకు కూడా పోతాది. ఆ స్పీడులో పోయిందంటే మనిషి కూడా పోతాడు. అందుకే సప్పుడు రాకముందే ఆరు రాడ్లకీ కొత్త సిప్పలు ఏసేద్దామన్నాను. లాల్ సాహెబ్ 'అచ్ఛీ భలీ గాడీ', బాగానే ఉంది కదా అని గునిశారు. మా బావే ఆయన్ని ఒప్పించాడు."

"దానయ్యా?"

"అవును. 'చిన్నారావు సెప్పాడంటే పక్కా' అన్నాడు."

"రాడ్ల నట్లు వదులు కాకుండా పిన్నులు పెట్టావా?"

"నట్టుకో పిన్ను. ప్రెతీ దాని కొసలూ ఇడదీసి మడిసాను. ఆ పన్లో నాను గలతీ సెయ్యను బాబూ."

"ఇందాక తప్పు నాదేనన్నావు?"

చిన్నారావు నాలిక కరుచుకున్నాడు. సూరిబాబు ఊచల దగ్గరికి జరిగాడు.

"దసరా పోయిన మర్నాడు మీ రిపేరు షెడ్డులో నువ్వూ మీ బావా గొడవపడ్డారట. 'దీపావళి లోపల నువ్వు సెప్పకపోతే నీ సంగతి తేలుస్తాను' అని అరిచావట. నీ పార్ట్‌నర్ నూకరాజు విన్నాడు. ఏం చెప్పాలి దానయ్య? ఎవరికి చెప్పాలి?"

చిన్నారావు ఊచమీది తుప్పుని గోటితో గీకాడు.

"ఆ మాటే నిన్ను ఉరికంబం ఎక్కిస్తుంది, తెలుసా?"

"ఎక్కించనీయండి."

"పోనీ, ఇది చెప్పు. విప్పి బిగించినవాడే బండిని మొదట తోలాలని మీ షెడ్డులో కాయిదా కదా. ఆ పొద్దున నువ్వెందుకు తోలలేదు?"

"నానే తోలాల. ఎక్కబోతుంటే అప్ప కబురెట్టింది, అమ్మకి ఆయాసం ఎక్కువైంది, క్వార్టర్‌కి తొరగా రమ్మని. సైకిలేసుకుని పోయాను. ఇంట్లో అమ్మ లేదు. రైల్వే ఆస్పత్రికి తీసుకుపోయారేమోనని అక్కడికెల్లాను. అక్కడా లేదు. ఎనక్కొస్తుంటే దారిలోనే బావ సంగతి తెలిసింది. పరిగెట్టాను. అక్కడే నన్ను పట్టుకున్నారు. నానెక్కుంటే నానే పోయుందును. మా అప్ప పసుపు కుంకాలు మిగిలుండేవి."

సూరిబాబు ఆ మాట వింటూ లేచాడు. అతనికి ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఎక్కడో అప్పటికి తెలియలేదు.

                    *

షెడ్డు గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ ఝాడూరామ్ బెత్తం అడ్డం పెట్టాడు.

"ఇది పోలీసు కేసు. ప్రైవేటు తమాషా కాదు" అన్నాడు హిందీలో.

"మేజిస్ట్రేటుగారు చూడొచ్చన్నారు. కావాలంటే ఫోన్ చేసి కనుక్కోండి." సూరిబాబు కూడా హిందీలోనే అన్నాడు.

ఝాడూరామ్ బెత్తం తీశాడు కాని, వెన్నంటే లోపలికి నడిచాడు. తెలివితక్కువవాడు కాదు ఝాడూరామ్. సూరిబాబు ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక దొంగతనం కేసులో తనకంటే ముందే దొంగని పట్టుకున్నాడన్న కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

పగిలిన ఇంజను బల్లమీద పక్కకి ఒరిగి ఉంది. దాని డొక్కలో పిడికిలి దూరేంత కన్నం. నాలుగో రాడ్డు విరిగి బయటికి పొడుచుకొచ్చింది.

"చూడు బాగా" అన్నాడు ఝాడూరామ్. "మిగతా అయిదు రాడ్లకీ పిన్నులు ఉన్నాయి. ఈ నాలుగోదానికి లేవు. పిన్ను ఉండి తెగితే బోల్టు కన్నంలో ముక్క మిగలాలి, లేదా కన్నం సాగాలి. రెండూ లేవు. అంటే పిన్ను పెట్టనే లేదు. పిన్ను లేని నట్టు వదులైంది, బోల్టు తెగింది, రాడ్డు ఇంజను చీల్చుకుని వచ్చింది. వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. పగ ఉన్నవాడు, ఇంజను తన చేతిలో ఉన్నవాడు ఒక్కడే. ఇంకేం కావాలి?"

సూరిబాబు కాదనలేదు. ఆ లెక్కంతా సరైనదే. వంగి, ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టి అంచుని వేలితో తడిమాడు. సగం చిరిగినా మిగతా సగం ఇంజనుకే అతుక్కుని ఉంది. జేబులోంచి చాకు తీసి ఆ సందులోంచి కొంచెం గీకాడు. తెల్లటి పొలుసులు రాలాయి. అరచేతిలో వేసి, నాలుగు చుక్కల నీళ్ళు పోసి రుద్దాడు. నురగ వచ్చింది.

"ఏమిటది?" అన్నాడు ఝాడూరామ్, దగ్గరకొచ్చి.

"బట్టల సబ్బు." సూరిబాబు మూల నుంచున్న నూకరాజు వైపు తిరిగాడు. "నూకరాజూ, చిన్నారావు ఈ తొట్టి బిగించినప్పుడు ఏం వేశాడు?"

"నూనె కారకుండా కొత్త కార్కు బద్దీ, లక్కా బాబూ. నానే కోసిచ్చాను."

"సబ్బు?"

"సబ్బెందుకేస్తాం? అది డ్రైవర్లు సేసే పని. దారిలో ఎక్కడైనా నూనె కారితే ఇంటికి సేరేదాకా సబ్బు మెత్తి లాక్కొస్తారు."

అన్నాక గాని తను ఏమన్నాడో నూకరాజుకి తెలియలేదు. నోటిమీద చెయ్యి పెట్టుకున్నాడు.

సూరిబాబు చాకు తుడిచి మడిచాడు. "ఇన్‌స్పెక్టర్ సాబ్, చిన్నారావు కొత్త బద్దీ వేసి బిగించాక, రాడ్ల నట్లు అందేలా ఎవరో ఈ తొట్టిని మళ్ళీ విప్పారు. విప్పితే బద్దీ చిరిగింది. ఇంకో బద్దీ కోసే తీరిక లేదు, సబ్బు మెత్తి మూశారు. చిన్నారావే నాశనం చెయ్యాలనుకుంటే బిగించేటప్పుడే పిన్నులు మానేసేవాడు. రెండోసారి విప్పే ఖర్మేమిటి?"

ఝాడూరామ్ ముఖం నల్లబడింది. కాని వెంటనే తేరుకున్నాడు.

"మంచిది. అయితే ఎవడు విప్పాడు? చెప్పు. దయ్యమా? తెలుగువాడు లోపలుంటే తెలుగువాడు బయటినుంచి సబ్బు నురగ చూపిస్తాడు. రేపు కోర్టులో ఈ నురగని నేను ఊదేస్తాను."

"మీ సాక్షి నూకరాజే. అతన్నే అడగండి, ఆ సాయంత్రం ఆఖరున షెడ్డులో ఎవరున్నారో."

ఇద్దరూ తనవైపే చూస్తుంటే నూకరాజు గోడకి ఆనుకున్నాడు.

"నానూ చిన్నారావూ కలిసే ఎల్లిపోయాం బాబూ. దానయ్య ఒక్కడే ఉండిపోయాడు. బండి కడిగెడతాను, మీరెల్లండి అన్నాడు."

ఝాడూరామ్ పెద్దగా నవ్వాడు.

"శభాష్! అయితే దానయ్యే నట్లు వదులు చేసి, దానయ్యే ఎక్కి, దానయ్యే చచ్చాడా? పో సూరిబాబూ, ఇంటికి పో."

సూరిబాబుకి నవ్వు రాలేదు. అతని అరచేతిలో సబ్బు ఆరిపోయి చర్మాన్ని పట్టి లాగుతోంది.

                    *

లాల్ సాహెబ్ వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. చేతికి కట్టు. సూరిబాబు ఒకే ప్రశ్న అడిగాడు.

"ఆ పొద్దున దానయ్య ఎలా ఉన్నాడు?"

"అదే నాకూ అర్థం కాలేదు" అన్నాడు లాల్ సాహెబ్. "చిన్నారావు రాలేదు కదా, నువ్వే ఎక్కు అన్నాను. కాయిదా ప్రకారం చిన్నారావే తోలాలి హుజూర్ అన్నాడు. కడుపునొప్పి అన్నాడు. దానయ్య! పందెంలో మూల తిరిగేటప్పుడు కూడా బ్రేకు తొక్కనివాడు. నాకు చిరాకేసి, సరే నేనే తోలతానని ఎక్కబోయాను. అప్పుడు నా చెయ్యి పట్టుకుని ఆపి, తను ఎక్కాడు."

"ఎలా తోలాడు?"

"ఎడ్లబండిలా. మోవా దాటినా అంతే. ముసలమ్మలు సైకిలు మీద దాటిపోయేలా ఉన్నారు. కలకత్తాలో నా పరువు తీస్తావా అని తిట్టాను. వద్దు హుజూర్, ఇవాళ వద్దు అని ఒకటే గొడవ. నేను ఊరుకోలేదు." ఆయన గొంతు తగ్గింది. "నా కాలు అటు చాపి, యాక్సిలరేటరు మీదున్న అతని కాలిమీద పెట్టి తొక్కాను. పోలీసులకి ఈ ముక్క చెప్పలేదు."

సూరిబాబు మెట్లు దిగి గేటు దాకా వచ్చి ఆగిపోయాడు. దానయ్యకి తెలుసు. ఆ ఇంజను పగులుతుందని దానయ్యకి తెలుసు. ఎందుకంటే ఆ పిన్నులు తీసింది దానయ్యే. తోలాల్సింది చిన్నారావు. పోవాల్సింది చిన్నారావు. పోయాక లోకం ఏమనుకుంటుంది? పాపం, తన చేతిపనికి తనే బలైపోయాడని.

లాల్ సాహెబ్‌ని ఒప్పించి ఇంజను విప్పించినప్పుడే ఇదంతా దానయ్య మనసులో ఉందా?

ఫుట్‌బాల్ మైదానంలో భుజంమీద చెయ్యేసి నడిచినవాడు. అన్నమ్మ మెడలో పుస్తె కట్టేటప్పుడు సూరిబాబు వైపు చూసి నవ్వినవాడు. సూరిబాబుకి నోరు చేదుగా అయింది. ఆ చేదు మింగేలోపలే పొద్దుటి ముల్లు మళ్ళీ గుచ్చుకుంది. ఈసారి ఎక్కడో తెలిసింది.

                    *

అన్నమ్మ ఇల్లు మోవా వెళ్ళే దారిలో, రైలు గేటుకి ఇవతల. తల్లి బంగారమ్మ అరుగుమీద గోడకి జేరబడి ఉంది. కూతురికి తోడుగా క్వార్టర్ నుంచి వచ్చి ఇక్కడే ఉంటోంది.

"ఆయాసం ఎలా ఉందమ్మా?" అన్నాడు సూరిబాబు.

"ఆయాసమేటి నాయినా, నాకా?"

"దానయ్య పోయిన పొద్దున ఎక్కువైందటగా?"

"ఎవులు సెప్పారు? ఆ పొద్దున నాను శుభ్రంగా బజారుకెల్లాను, వంకాయలు కొనుక్కోడానికి. తిరిగొచ్చేసరికి ఈ పిడుగు పడింది." బంగారమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

సూరిబాబు లోపలికి వెళ్ళాడు. అన్నమ్మ చాపమీద కూర్చుని ఉంది. నుదురు బోసిగా ఉంది. అతన్ని చూడగానే లేచి పీట వేసింది.

"మా తమ్ముడు తిన్నాడా బాబూ?"

"తిన్నాడు. వాడు పిన్నులు పెట్టాడు అన్నమ్మా. తరవాత ఎవరో తీశారు."

ఆమె ఏమీ అడగలేదు. ఎవరు అని కూడా అడగలేదు. అదే సూరిబాబుని భయపెట్టింది.

"మీ అమ్మకి ఆ రోజు ఆయాసం రాలేదు. ఎందుకు అబద్ధం చెప్పి చిన్నారావుని పిలిపించావు?"

అన్నమ్మ దేవుడి గూట్లోంచి చిన్న గుడ్డ మూట తెచ్చి అతని ముందు విప్పింది. వంచి సాగదీసిన రెండు ఇనప పిన్నులు.

"ముందురోజు రాత్రి ఆయన సొక్కా నానబెడదామని జేబులు సూస్తే దొరికాయి. నాను లోకో షెడ్డు ఫిట్టరు కూతుర్ని బాబూ. మా నాన్న సేతుల్లో సిన్నప్పట్నుంచీ సూసినయ్యే. ఈ పిన్నులు జేబులో ఉన్నాయంటే, ఉండాల్సిన సోట లేవనే కదా."

"దానయ్యకి చిన్నారావు మీద అంత కోపం దేనికి?"

"బిలాసపూర్లో ఆయనకి ఇంకో ఆడది ఉంది. సూరమ్మంట. తాళి కూడా కట్టాడంట, ఓ పిల్ల. సామాన్లకని ఎల్లేవోడు కదా, అక్కడికే. తమ్ముడికి తెలిసిపోయింది. నువ్వే అప్పకి సెప్పు, లేపోతే నానే సెప్తానని దీపావళి దాకా గడువెట్టాడు. షెడ్డు కాడికి కేరేజీ తీసుకెల్లి, తలుపవతల నుంచుని అంతా విన్నాను."

చిన్నారావు ఉరికైనా సిద్ధపడి దాస్తున్న మాట ఇదన్నమాట. సూరిబాబు కళ్ళు మూసుకున్నాడు.

"వాడు నీకు తెలియకూడదని నోరు కుట్టుకుని కూర్చున్నాడు అన్నమ్మా."

"తెలుసు. ఆడు అంతే. ఈ పిన్నులు సూపిస్తే ఆడు బయటికొస్తాడు కదా?"

"వస్తాడు. కాని ఎక్కడ దొరికాయని అడుగుతారు. ఎప్పుడు దొరికాయని అడుగుతారు. మొగుడు పోయాక దొరికాయని చెప్పు. నేనూ అదే అంటాను."

"అబద్ధం కదా బాబూ."

"తమ్ముణ్ణి రానివ్వకుండా చేశావు, అంతవరకే. దానయ్య ఎక్కుతాడని నీకెలా తెలుస్తుంది? ఎవరూ ఎక్కరని అనుకున్నావు."

"అలాగే అనుకున్నాను. పొద్దుటేల నీల్లకని బిందె అట్టుకుని గేటు కాడికెల్లాను." అన్నమ్మ పిన్నుల వంక చూస్తూ, ఎవరికో పాఠం అప్పజెబుతున్నట్టు చెప్పింది. "విజయనగరం బండి వస్తందని గేటేశారు. ఆ కారొచ్చి నా పక్కనే ఆగింది. తోలతన్నది తమ్ముడు కాదు, ఆయన. నా గుండె ఆగిపోయింది. ఆయన నన్ను సూశాడు. ముకం నిండా సెమట. ఈ పిన్నులు నా గుప్పిట్లోనే ఉన్నాయి. గుప్పిట ఇప్పి సూపిస్తే సాలు, దిగిపోయేవోడు. లాల్ సాహెబ్‌కి కూడా తెలిసిపోయేది."

"అన్నమ్మా..."

"బండి సానా పొడుగు. డబ్బాలు పోతానే ఉన్నాయి. ఆయన ఎదటోణ్ణి సంపడానికి ఎంతసేపు ఆలోసించుంటాడో, నాకూ అంతసేపు దొరికింది బాబూ. నోరు తెరిసాను కూడా. అప్పుడాయన ముకం అటు తిప్పుకున్నాడు, నాను ఎవరో ఎరగనట్టు. గేటు లేచింది. నాను గుప్పిట ఇప్పలేదు."

పిన్నుల్ని ముట్టుకోవడానికి సూరిబాబుకి చెయ్యి రాలేదు.

"మీకు ముందే సెప్పుంటే నా కేసు అట్టుకునేవోరు కాదు" అంది ఆమె. "తమ్ముడు బయటికి రావాల. నాకదే కావాలి. మిమ్మల్ని మోసం సేశాను."

బయట జీపు వచ్చి ఆగిన చప్పుడు. బూట్ల చప్పుడు. అరుగుమీంచి ఝాడూరామ్ గొంతు గట్టిగా వినిపించింది. "బుఢియా మా, సచ్ బతావ్, నిజం చెప్పు. చిన్నారావు చెప్పినట్టు ఆ రోజు నీకు జబ్బు చేసిందా, లేదా?"

బంగారమ్మ జవాబు చెబుతోంది. అన్నమ్మ తల మీదికి కొంగు లాక్కుని, ఎవరూ పిలవకముందే గుమ్మం వైపు నడిచింది.